కరిగిన మంచు చేసే పని



ఈ స్మారకోపన్యాసం డాక్టర్ సయ్యద్ జహూర్ ఖాసిం స్మృతికి అంకితం. 1926లో అలహాబాదులో పుట్టిన ఖాసిం సముద్ర జీవశాస్త్రవేత్త. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు సంచాలకులుగా పనిచేశారు. 1981 డిసెంబర్ 6న ఆయన నాయకత్వంలో 21 మంది బృందం గోవా తీరం నుంచి బయలుదేరింది. ఓడ పేరు పోలార్ సర్కిల్, నార్వే నుంచి అద్దెకు తెచ్చినది. 1982 జనవరి 9న ఆ బృందం అంటార్కిటికా మీద అడుగుపెట్టింది. భారతదేశం పంపిన తొలి అంటార్కిటికా యాత్ర అదే. రెండేళ్ల తర్వాత అక్కడ దక్షిణ గంగోత్రి స్థావరం వెలిసింది. తేలే మంచు పలక మీద కట్టిన ఆ స్థావరాన్ని ఏటేటా కురిసిన హిమం పూడ్చివేసింది. ఆ దశాబ్దం ముగిసేసరికి దాన్ని విడిచి, మంచు లేని రాతినేల చూసుకుని మైత్రి స్థావరానికి మారవలసి వచ్చింది. 2012లో భారతి తోడైంది. ఉత్తరాన స్వాల్‌బార్డ్ దీవుల్లో 2008 నుంచి హిమాద్రి పనిచేస్తోంది. ఖాసిం 2015లో కన్నుమూశారు. ఆయన తెరిచిన దారి మాత్రం మూతపడలేదు.

ఋతుపవనాల మీద బతికే దేశానికి ధ్రువాలతో పనేమిటన్న ప్రశ్న సహజమైనదే. ఈ ఉపన్యాసమంతా దానికి జవాబు. చెప్పదలచిన విషయం ఒక్కటే. మంచు కరగడం వేడెక్కడానికి ఫలితం. అయితే కరిగిన తర్వాత కథ అక్కడితో ఆగదు. కరిగిన మంచు తానే కారణంగా మారి ఎండనూ సముద్రాన్నీ గాలినీ నేలనూ మార్చడం మొదలుపెడుతుంది. ఫలితం కారణంగా మారే ఈ మలుపును ఒక్కొక్క మెట్టుగా చూడాలి.

1. ఏ మంచు గురించి

ధ్రువాల మంచు అని ఒకే మాటతో చెప్పేదానిలో మూడు వేరువేరు సంగతులున్నాయి. వీటిని కలగలిపి మాట్లాడటం వల్లనే పత్రికల్లోనూ సభల్లోనూ సగం గందరగోళం పుడుతోంది.

మొదటిది సముద్రపు మంచు. చలికి సముద్రపు నీరే పైన గడ్డకట్టగా ఏర్పడే పొర ఇది. మందం కొద్ది మీటర్లు. చలికాలంలో విస్తరిస్తుంది, వేసవిలో తరుగుతుంది. ఉత్తర ధ్రువం చుట్టూ ఉన్నది ప్రధానంగా ఇదే, ఎందుకంటే అక్కడ నేల లేదు, సముద్రముంది.

రెండవది నేల మీది మంచు. వేలయేళ్లు, లక్షలయేళ్లు కురిసిన హిమం తన బరువుకు తానే అణిగి గట్టిపడగా ఏర్పడిన హిమఫలకాలు ఇవి. నేడు భూమి మీద ఇలాంటివి రెండే. గ్రీన్‌లాండ్ మంచు మందం గరిష్ఠంగా మూడు కిలోమీటర్లకు పైనే ఉంది. అంటార్కిటికా మంచు సగటున సుమారు రెండు కిలోమీటర్ల మందంతో, ఒక ఖండాన్ని దాదాపు పూర్తిగా కప్పివేసింది. గ్రీన్‌లాండ్ మంచు మొత్తం కరిగితే ప్రపంచ సముద్ర మట్టం 7 మీటర్లకు పైగా, అంటార్కిటికా మంచు మొత్తం కరిగితే 58 మీటర్ల దాకా పెరుగుతుంది. ఈ ఫలకాలు సముద్రంలోకి జారే చోట నీటి మీద తేలుతూ మంచు పలకలు ఏర్పడతాయి. దక్షిణ గంగోత్రి అలాంటి పలక మీదే ఉండేది.

మూడవది కంటికి కనబడదు. సైబీరియాలో, అలాస్కాలో, ఉత్తర కెనడాలో వేసవిలో కూడా గడ్డకట్టి ఉండే నేల. దానిలోని మంచు మట్టినీ, ఆ మట్టిలో కుళ్లకుండా మిగిలిన చెట్టుచేమల అవశేషాలనూ పట్టి ఉంచుతుంది.

మూడింటికీ మూడు పనులు. సముద్రపు మంచు ఎండను తిప్పికొడుతుంది. నేల మీది మంచు నీటిని సముద్రంలో కలవనీయకుండా నిలువ ఉంచుతుంది. నేలలోని మంచు కార్బన్‌ను బంధించి ఉంచుతుంది. కరగడమంటే ఈ పనులు ఆగిపోవడం.

2. తెల్లదనం పోతే

హిమం కప్పిన సముద్రపు మంచు తన మీద పడ్డ ఎండలో 80 శాతానికి పైగా ఆకాశంలోకి తిప్పికొడుతుంది. హిమం లేని ఉత్త మంచు సుమారు సగం, అంతకు కొంత ఎక్కువ తిప్పికొడుతుంది. అదే చోట మంచు పోయి సముద్రం బయటపడితే తిరిగి వెళ్లేది ఆరు శాతమే, మిగిలిన 94 శాతాన్ని నల్లటి నీరు తాగేస్తుంది. వేడెక్కిన నీరు పక్కనున్న మంచును కరిగిస్తుంది. మరికొంత నీరు బయటపడుతుంది. అది మరికొంత ఎండను తాగుతుంది.

ఈ సంగతి కొత్తది కాదు. 1969లో లెనిన్‌గ్రాడ్‌లో మిఖాయిల్ బుడికో, అమెరికాలో విలియం సెల్లర్స్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా దీన్ని సమీకరణాలలోకి తెచ్చారు. మంచు పెరిగినా తరిగినా ఆ మార్పు తనను తానే పెంచుకుంటుందని ఇద్దరి లెక్కలూ చూపించాయి. పదేళ్ల తర్వాత, 1979 నుంచి ఉపగ్రహాలు క్రమం తప్పకుండా కొలవడం మొదలుపెట్టాయి. అప్పట్లో ఆర్కిటిక్ సముద్రంలో సెప్టెంబరు నాటికి, అంటే మంచు కనిష్ఠ స్థాయికి తగ్గే నాటికి, సుమారు 70 లక్షల చదరపు కిలోమీటర్ల మంచు మిగిలేది. 2012 సెప్టెంబరులో మిగిలింది 34 లక్షలు. విస్తీర్ణం కంటే మందం కథ ఇంకా విచారకరం. నాలుగేళ్లకు పైబడిన ముదురు, మందమైన మంచు 1980లలో ఆర్కిటిక్ మంచులో మూడోవంతు ఉండేది. ఇప్పుడది ఐదు శాతం కూడా లేదు. మిగిలినదానిలో ఎక్కువ భాగం ఈ చలికాలం పుట్టి వచ్చే వేసవికి పోయే లేత మంచు.

ఇక్కడ శ్రోతలు ఒక భౌతికశాస్త్ర సత్యాన్ని గుర్తుచేసుకోవాలి. సున్నా డిగ్రీల దగ్గరున్న కిలో మంచును సున్నా డిగ్రీల నీరుగా మార్చడానికి పట్టే వేడితో, ఆ కిలో నీటిని 80 డిగ్రీల దాకా కాచవచ్చు. మంచు ఉన్నంతకాలం వేడి దాన్ని కరిగించడానికే ఖర్చవుతుంది, ఉష్ణోగ్రత పెద్దగా పెరగదు. మంచు అయిపోయిన రోజు నుంచి అదే వేడి నేరుగా నీటిని కాచుతుంది. ఆర్కిటిక్‌కు ఇన్నాళ్లూ రక్షణగా ఉన్న గుణం ఇదే. ఆ రక్షణ ఏటేటా తరిగిపోతోంది.

ఫలితం కొలతల్లో స్పష్టంగా ఉంది. 1979 తర్వాత ఆర్కిటిక్ ప్రాంతం భూగోళపు సగటు కంటే సుమారు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కిందని ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు 2022లో లెక్కగట్టారు. దీనికంతటికీ తెల్లదనం పోవడమే కారణమనడం సరికాదు. మేఘాలు, గాలిలో పెరిగిన తేమ, దక్షిణం నుంచి వచ్చే సముద్రపు వేడి కూడా కలిశాయి. అయినా ప్రధాన కారణాల్లో అది ఒకటన్నదానిపై వివాదం లేదు. 2050 లోపల కనీసం ఒక సెప్టెంబరులోనైనా ఆర్కిటిక్ సముద్రం దాదాపు మంచు లేకుండా ఉండవచ్చని ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల సంఘం, అంటే ఐపీసీసీ, 2021 నివేదికలో అంచనా వేసింది.

దక్షిణ ధ్రువం చాలాకాలం వేరే దారిలో నడిచింది. అక్కడి సముద్రపు మంచు 2014 దాకా కొద్దికొద్దిగా పెరిగింది, ఆ ఏడాది రికార్డు గరిష్ఠాన్ని చేరింది. వాతావరణ మార్పును నమ్మనివారు ఆ పెరుగుదలను చాలాసార్లు ఉదహరించారు. తర్వాత రెండు మూడేళ్లలోనే అది కూలింది. 2023 ఫిబ్రవరిలో 18 లక్షల చదరపు కిలోమీటర్ల కంటే కిందికి పడిపోయి ఉపగ్రహ చరిత్రలోనే కనిష్ఠమైంది. అదే ఏడాది చలికాలపు గరిష్ఠం కూడా అంతకు ముందెన్నడూ లేనంత తక్కువగా నమోదైంది. అంత హఠాత్తుగా ఎందుకు మారిందన్నది ఇంకా పరిశోధనలో ఉన్న ప్రశ్న.

3. నేల మీది నీరు సముద్రంలోకి

సముద్రం మీద తేలే మంచు కరిగితే సముద్ర మట్టం పెరగదు. తేలే వస్తువు తన బరువుకు సమానమైన నీటిని ముందే పక్కకు తోసి ఉంటుందని ఆర్కిమిడీస్ నాటి నుంచీ తెలిసినదే. మట్టాన్ని పెంచేది నేల మీది మంచు.

2002లో పైకి వెళ్లిన గ్రేస్ అనే జంట ఉపగ్రహాలు, 2018 నుంచి వాటి వారసులు, హిమఫలకాల బరువును నేరుగా తూస్తున్నాయి. మంచు బరువు తగ్గితే ఆ చోట భూమి ఆకర్షణ కాస్త తగ్గుతుంది, రెండు ఉపగ్రహాల మధ్య దూరం అతి సూక్ష్మంగా మారుతుంది. ఆ మార్పు నుంచే లెక్క. దాని ప్రకారం గ్రీన్‌లాండ్ సగటున ఏటా సుమారు 27,000 కోట్ల టన్నుల మంచు పోగొట్టుకుంటోంది. తెలుగువారికి అలవాటైన కొలతలో అది సుమారు 9,500 టీఎంసీలు, నేటి నాగార్జునసాగర్‌ను ఏడాదిలో ముప్ఫై సార్లు నింపగల నీరు. అంటార్కిటికా కోల్పోతున్నది అందులో సుమారు సగం. ప్రపంచ సముద్ర మట్టం 1901 నుంచి 2018 వరకు 20 సెంటీమీటర్లు పెరిగింది. ఇరవయ్యో శతాబ్దంలో ఎక్కువ భాగం ఏడాదికి రెండు మిల్లీమీటర్లకు లోపున్న ఆ వేగం 2006 తర్వాత 3.7 మిల్లీమీటర్లకు చేరింది. ఇందులో వేడికి నీరు వ్యాకోచించడం ఒక భాగం, పర్వతాల మీది హిమానీనదాలు ఒక భాగం, ధ్రువాల మంచు ఒక భాగం. వేగంగా పెరుగుతున్న భాగం ఈ చివరిదే.

గ్రీన్‌లాండ్‌లో కూడా ఫలితం కారణంగా మారుతోంది. పర్వతం ఎక్కే కొద్దీ చలి పెరిగినట్టే, మూడు కిలోమీటర్ల ఎత్తున్న హిమఫలకం పైభాగం ఎత్తు వల్లనే చల్లగా ఉంటుంది. కరిగి ఎత్తు తగ్గితే ఆ పైభాగం వెచ్చటి గాలి పొరలోకి దిగుతుంది, మరింత కరుగుతుంది. 2021 ఆగస్టు 14న ఫలకం శిఖరం మీద, 3,200 మీటర్ల ఎత్తున, వాన కురిసింది. అక్కడి పరిశోధన కేంద్రం నమోదుచేసిన మొదటి వాన అది.

అంటార్కిటికా సంగతి వేరు. అక్కడ పైన ఎండకు కరగడం తక్కువ, కింద సముద్రం తినేయడం ఎక్కువ. పశ్చిమ అంటార్కిటికాలో హిమఫలకం కూర్చున్న రాతినేల సముద్ర మట్టం కంటే చాలా లోతున ఉంది. పైగా ఆ నేల లోపలికి పోయే కొద్దీ ఇంకా పల్లమవుతుంది. వెచ్చని సముద్రపు నీరు మంచు పాదం దగ్గర కోస్తూ పోతే, వెనక్కి తగ్గే ప్రతి అడుగుకూ మంచు మరింత లోతైన, మరింత మందమైన చోట నీటికి ఎదురవుతుంది. అక్కడ ఇంకా ఎక్కువ మంచు సముద్రంలోకి పారుతుంది. ఒకసారి మొదలైతే ఆపడం కష్టమైన వెనకడుగు ఇది. హిమ శాస్త్రవేత్త జాన్ మెర్సర్ 1978లోనే నేచర్ పత్రికలో ఈ ప్రమాదాన్ని హెచ్చరించాడు. నేడు అందరి కళ్లూ అక్కడి థ్వైట్స్ హిమానీనదం మీద ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కంటే పెద్దది. అది ఒక్కటే పూర్తిగా పోతే ప్రపంచ సముద్ర మట్టం 60 సెంటీమీటర్లకు పైగా పెరుగుతుంది.

తేలే పలకలు మట్టాన్ని పెంచకపోయినా వాటి విలువ తక్కువ కాదు. వెనకనున్న హిమానీనదాలను అవి ఆనుకుని ఆపుతాయి. 2002 తొలి నెలల్లో లార్సెన్-బి అనే పలక, వేలయేళ్ల వయసున్నది, 3,250 చదరపు కిలోమీటర్ల మేర కొద్ది వారాల్లో ముక్కలై చెదిరిపోయింది. ఆ తర్వాత దాని వెనకనున్న హిమానీనదాలు సముద్రంలోకి జారే వేగం అనేక రెట్లు పెరిగింది.

ఇక్కడ చాలామంది ఎరుగని సంగతి ఒకటుంది. కరిగిన నీరు సముద్రమంతా సమంగా సర్దుకోదు. గ్రీన్‌లాండ్ హిమఫలకం ఎంత బరువైనదంటే, తన ఆకర్షణతో చుట్టుపక్కల సముద్రాన్ని తన వైపు లాక్కుని ఉంచుతుంది. మంచు పోతే ఆ లాగుడు తగ్గుతుంది, గ్రీన్‌లాండ్ తీరంలో సముద్రం దిగుతుంది. అలా వదిలిన నీరు దూరదేశాల తీరాలకు చేరుతుంది. అంటార్కిటికాకూ ఇదే సూత్రం. రెండు ధ్రువాలకూ దూరంగా ఉన్న భారత తీరానికి ఎటు వైపు మంచు కరిగినా ప్రపంచ సగటుకు తగ్గని వాటా వస్తుంది. ధ్రువాలతో పనేమిటన్న ప్రశ్నకు మొదటి గట్టి జవాబు ఇదే.

4. మంచినీరు ఉప్పునీటి దారిని అడ్డుకుంటే

మట్టం పెరగడం కంటికి కనిపించే పరిణామం. కనిపించనిది సముద్రపు ప్రవాహాలలో వచ్చే మార్పు. శీతోష్ణస్థితిని తలకిందులు చేయగల శక్తి దీనికే ఎక్కువ.

అట్లాంటిక్ మహాసముద్రంలో ఉష్ణమండలపు వెచ్చని, ఉప్పెక్కువైన నీరు పైపైన ఉత్తరానికి ప్రవహిస్తుంది. గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్, నార్వేల మధ్య అది తన వేడిని గాలికిచ్చి చల్లబడుతుంది. చలి, ఉప్పు రెండూ కలిసి నీటిని బరువెక్కిస్తాయి. బరువెక్కిన నీరు రెండు మూడు కిలోమీటర్ల లోతుకు మునిగి, అడుగునుంచి దక్షిణానికి తిరిగిపోతుంది. 2004 నుంచి 26.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర సముద్రానికి అడ్డంగా పరికరాలు వేలాడదీసి దీన్ని కొలుస్తున్నారు. సగటున సెకనుకు సుమారు 170 లక్షల ఘనపు మీటర్లు, అంటే 60 కోట్ల క్యూసెక్కులు. ఆ నీటితోపాటు ఉత్తరానికి చేరే వేడి పది లక్షల గిగావాట్లకు పైనే.

ఈ ఏర్పాటంతా నీరు మునగడం మీద నిలిచింది. మునగాలంటే ఉప్పు ఉండాలి. గ్రీన్‌లాండ్ నుంచి కరిగి వచ్చే మంచినీరు సరిగ్గా అదే చోట సముద్రం మీద పరుచుకుని ఉప్పును పలచబరుస్తుంది. పలచబడిన నీరు చల్లబడినా తగినంత బరువెక్కదు, మునగదు. మునగడం తగ్గితే దక్షిణం నుంచి వచ్చే ఉప్పునీరూ తగ్గుతుంది, ఉత్తరాన నీరు మరింత పలచబడుతుంది. 1961లో హెన్రీ స్టొమ్మెల్ రెండు తొట్ల నీటిని ఊహించుకుని రాసిన చిన్న సమీకరణాలతోనే ఈ ప్రవాహానికి రెండు స్థిరమైన స్థితులు ఉండగలవని చూపించాడు. ఒకటి బలంగా సాగేది, మరొకటి దాదాపు ఆగిపోయినది. ఒకదాని నుంచి మరొకదానికి హఠాత్తుగా జారవచ్చునన్న భయానికి మూలం అక్కడుంది.

భూమి చరిత్రలో అలాంటి జారుడు నిజంగా జరిగిందనడానికి ఆధారాలున్నాయి. గత మంచుయుగం ముగుస్తూ లోకం వేడెక్కుతున్న సమయంలో, సుమారు 12,900 ఏళ్ల క్రితం, ఉత్తర అట్లాంటిక్ ప్రాంతం తిరిగి మంచుయుగపు చలిలో పడింది. ఆ చలి 1,200 ఏళ్లు సాగింది. ఉత్తర అమెరికా హిమఫలకం కరిగిన నీరు ఒక్క పెట్టున సముద్రంలో పడటమే కారణమని ఎక్కువమంది అభిప్రాయం. చలి ముగిసినప్పుడు గ్రీన్‌లాండ్ కొద్ది దశాబ్దాలలోనే దాదాపు పది డిగ్రీలు వేడెక్కిందని అక్కడి మంచు పొరలు చెబుతున్నాయి.

మన దేశానికి సంబంధించిన భాగం ఇప్పుడు వస్తుంది. ఉత్తర అట్లాంటిక్ ఇలా చల్లబడిన కాలాలన్నిటా ఆసియా ఋతుపవనాలు బలహీనపడ్డాయి. అరేబియా సముద్రం అడుగున పేరుకున్న బురద పొరల్లో, చైనా గుహల్లో, మేఘాలయలోని మావ్‌మ్లూ గుహలో చుక్కచుక్కగా పెరిగిన సున్నపు స్తంభాలలో ఆ సంగతి నమోదై ఉంది. కారణం కూడా అర్థమయ్యేదే. భూమధ్యరేఖ చుట్టూ ఉండే వాన పట్టీ ఎప్పుడూ రెండు అర్ధగోళాల్లో వెచ్చగా ఉన్నదాని వైపు ఒరుగుతుంది. సముద్రం ఉత్తరానికి వేడి మోసుకుపోవడం మానితే ఉత్తరార్ధం చల్లబడుతుంది, దక్షిణార్ధం వేడెక్కుతుంది, వాన పట్టీ దక్షిణానికి జరుగుతుంది. గ్రీన్‌లాండ్ మంచుకూ తెలంగాణ చెరువు నీటికీ మధ్యనున్న లంకె ఊహ కాదు, పాత రాళ్లలో చదవగలిగిన చరిత్ర.

ఇప్పుడేం జరుగుతోంది? భూగోళమంతా వేడెక్కుతుంటే గ్రీన్‌లాండ్‌కు దక్షిణాన ఒక్క సముద్ర భాగం మాత్రం వేడెక్కకపోగా చల్లబడింది. ప్రవాహం నెమ్మదించడానికి అది గుర్తని చాలామంది శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. ఈ శతాబ్దంలో ప్రవాహం బలహీనపడే అవకాశం చాలా ఎక్కువని ఐపీసీసీ చెప్పింది. 2100 లోపు హఠాత్తుగా కూలిపోదని కూడా చెప్పింది, అయితే ఆ రెండో మాటను మధ్యస్థమైన నమ్మకంతోనే చెప్పింది. 2023లో కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులిద్దరు ఈ శతాబ్దం మధ్యలోనే కూలవచ్చని లెక్కకట్టగా, ఆ పద్ధతిని ఇతరులు గట్టిగా ప్రశ్నించారు. వివాదం తెగలేదు. కానీ తెగని వివాదాన్ని భరోసాగా తీసుకోవడం పొరపాటు. జరిగితే శతాబ్దాల పాటు వెనక్కి తిప్పలేని పరిణామానికి అవకాశం తక్కువన్న మాట ఒక్కటే చాలదు.

దక్షిణాన కూడా ఇలాంటి మునక ఉంది. అంటార్కిటికా తీరంలో సముద్రపు నీరు గడ్డకట్టేటప్పుడు ఉప్పును బయటికి నెడుతుంది. ఆ చిక్కని ఉప్పునీరు ప్రపంచ సముద్రాల్లో చాలావాటి అడుగుకు పాకుతుంది, హిందూ మహాసముద్రపు లోతులకూ చేరుతుంది. అడుగు నీటికి ప్రాణవాయువు అందించేది అదే. కరిగిన మంచినీరు దీన్ని కూడా పలచబరుస్తోంది. కాలుష్యం ఇలాగే పెరిగితే 2050 నాటికి ఈ అడుగు ప్రవాహం 40 శాతానికి పైగా తగ్గవచ్చని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 2023లో నమూనాల ద్వారా చూపించారు.

5. నేల విడిచే కార్బన్

ఉత్తరాన గడ్డకట్టిన నేలలో సుమారు ఒకటిన్నర లక్షల కోట్ల టన్నుల కార్బన్ ఉంది. గాలిలో ఇప్పుడున్న కార్బన్‌కు ఇది ఒకటిన్నర రెట్లకు పైనే. నేల కరిగితే సూక్ష్మజీవులు మేల్కొని ఆ పాత ఆకులూ వేర్లూ కుళ్లబెడతాయి. గాలి తగిలే చోట కార్బన్ డయాక్సైడ్, నీరు నిలిచిన చోట మీథేన్ వెలువడతాయి. వందేళ్ల లెక్కలో చూస్తే మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే 28 రెట్లు ఎక్కువగా వేడిని పట్టి ఉంచుతుంది.

దీన్ని కొందరు బాంబుతో పోలుస్తారు. ఆ పోలిక సరైనది కాదు. ప్రపంచం ఒక డిగ్రీ వేడెక్కితే 2100 నాటికి ఈ నేల నుంచి సుమారు 1,800 కోట్ల టన్నుల కార్బన్ వెలువడవచ్చని ఐపీసీసీ అంచనా. మనుషులు బొగ్గు, చమురు, గ్యాస్ కాల్చి ఏటా వదిలేది వెయ్యి కోట్ల టన్నులు. అంటే ఒక్కో డిగ్రీకి దాదాపు రెండేళ్ల అదనపు కాలుష్యం. హఠాత్తుగా పేలేది కాదు. అయితే దీనికి పన్ను వేయడం, ఒప్పందంతో ఆపించడం ఎవరికీ సాధ్యం కాదు. మనుషులు తమ వాటా తగ్గించుకున్న తర్వాత కూడా నేల తన వాటా వదులుతూనే ఉంటుంది. 2020 జూన్ 20న అలాంటి గడ్డకట్టిన నేల ఉన్న సైబీరియాలోనే, వెర్ఖోయాన్స్క్ పట్టణంలో, ఆర్కిటిక్ వలయం లోపల, 38 డిగ్రీలు నమోదైంది. అది మన విజయవాడలో జూన్ ఎండ.

6. గాలులు, వానలు

ధ్రువానికీ ఉష్ణమండలానికీ మధ్య ఉష్ణోగ్రత తేడాయే పైగాలులను నడిపిస్తుంది. ధ్రువం వేగంగా వేడెక్కి తేడా తగ్గితే, పడమటి నుంచి తూర్పుకు వీచే ఆ బలమైన పైగాలి నెమ్మదించి వంకరలు తిరుగుతుందనీ, ఒకేచోట వడగాలులో చలిగాలులో రోజుల తరబడి తిష్ఠ వేస్తాయనీ అమెరికా శాస్త్రవేత్త జెన్నిఫర్ ఫ్రాన్సిస్, ఆమె సహచరులు 2012 నుంచి వాదిస్తున్నారు. కొలతలు ఈ వాదాన్ని పూర్తిగా బలపరచలేదు, కొట్టివేయనూ లేదు. భారత శాస్త్రవేత్తలకూ ఇందులో పాత్ర ఉంది. గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం పరిశోధకులు 2021లో ఒక సంబంధాన్ని సూచించారు. రష్యాకు ఉత్తరాన కారా సముద్రంలో వేసవి మంచు తగ్గిన ఏళ్లలో, సెప్టెంబరులో మధ్య భారతంలో అతి భారీ వర్షాలు ఎక్కువగా కనిపించాయి. ఇది ఇంకా నిర్ధారణ కావలసిన సూచన. కొన్నేళ్ల కొలతల నుంచి తీసిన సంబంధాన్ని అప్పుడే కారణంగా ప్రకటించకపోవడం మంచిది.

7. కరగడానికి పట్టే కాలం, తిరిగి రావడానికి పట్టే కాలం

మూడు రకాల మంచూ ఒకే తీరున తిరిగి రావు. భూమి చల్లబడితే సముద్రపు మంచు కొద్ది సంవత్సరాల్లో, మహా అయితే కొద్ది దశాబ్దాల్లో తిరిగి ఏర్పడగలదు. ఇది ఊరటనిచ్చే విషయం, దీన్ని దాచనవసరం లేదు. హిమఫలకాలకు అలా కాదు. హిమం ఏటా కొద్ది సెంటీమీటర్లుగా పేరుకుని మూడు కిలోమీటర్ల మందం కావడానికి వేలయేళ్లు పడుతుంది. కరగడం అంతకంటే చాలా వేగంగా జరగగలదు. గడ్డకట్టిన నేల నుంచి వెలువడిన కార్బన్ అయితే మనిషి ఎరిగిన కాలవ్యవధిలో తిరిగి నేలలోకి వెళ్లదు.

అందుకే సముద్ర మట్టం విషయంలో 2100 సంవత్సరం ముగింపు కాదు, మధ్యలో ఒక మజిలీ. ఆ నాటికి, 1995-2014 సగటుతో పోలిస్తే, కాలుష్యాన్ని గట్టిగా అదుపు చేస్తే సుమారు 30 నుంచి 55 సెంటీమీటర్లు, ఏమాత్రం అదుపు చేయకపోతే 60 సెంటీమీటర్ల నుంచి ఒక మీటరు దాకా పెరుగుతుందని ఐపీసీసీ అంచనా. వచ్చే రెండు వేల ఏళ్లలో వేడిమి ఒకటిన్నర డిగ్రీల దగ్గర ఆగితే పెరుగుదల రెండు మూడు మీటర్లు, ఐదు డిగ్రీలకు చేరితే 19 నుంచి 22 మీటర్లు. చివరిసారి భూమి నేటి మాదిరి వెచ్చగా ఉన్న 1,25,000 ఏళ్ల క్రితం సముద్రం ఇప్పటికంటే ఐదు నుంచి పది మీటర్లు ఎత్తున ఉంది. అంటే ఇవి నమూనాల ఊహలు మాత్రమే కావు.

తెలుగు తీరానికి దీనర్థమేమిటో విడమరిచి చెప్పాలి. కృష్ణా, గోదావరి డెల్టాలు నదులు మోసుకొచ్చిన ఒండ్రుతో పుట్టాయి. ఎగువ ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోతున్నందువల్ల, నేల సహజంగా కుంగే తీరును పూడ్చేది లేకపోయింది. పెరిగే సముద్రం, కుంగే నేల రెండూ కలిస్తే ఆ తీరానికి నిజంగా తగిలే పెరుగుదల ప్రపంచ సగటు కంటే ఎక్కువ. ఉప్పునీరు డ్రెయిన్ల వెంట, కాలువల చివరి భూముల్లోకి ఎగదన్నుతుంది. బోర్లలో మంచినీటి పొర పలచబడుతుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకుంది. అలాంటి తుఫానే అర మీటరు ఎత్తు పెరిగిన సముద్రం మీద వస్తే, ఆ కెరటం మరింత లోపలి ఊళ్లకు చేరుతుంది. ఉప్పాడ దగ్గర తీరం ఏటేటా కోసుకుపోవడంలో ధ్రువాల మంచు పాత్ర నేటికి కొద్దిదే, ఇతర కారణాలే ఎక్కువ. రేపటికి ఆ నిష్పత్తి మారుతుంది.

హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం సముద్రపు కొలతలను నిరంతరం సేకరిస్తోంది. ఆ సమాచారం అందుబాటులో ఉండగా, తీరంలో ఇకమీదట కట్టే కరకట్టలకు, లాకులకు, రేవులకు, తుఫాను షెల్టర్లకు, తాగునీటి చెరువులకు నిన్నటి సముద్ర మట్టాన్ని ఆధారంగా తీసుకోవడం తప్పు. వందేళ్లు నిలవవలసిన కట్టడానికి కనీసం ఒక మీటరు పెరుగుదలను లెక్కలో చేర్చాలి. ఈ సభలో కూర్చున్న ఇంజనీరింగ్ విద్యార్థుల్లో కొందరు పదేళ్లలో ఆ నక్షాల మీద సంతకాలు చేసే స్థానంలో ఉంటారు. ఆ మీటరును కొట్టివేయమని ఎవరు చెప్పినా వారు ఒప్పుకోకూడదు.